గ్రీన్ నెట్ అని అడగకండి, కన్ను లెక్కపెట్టి వల కొనండి

సంపాదకులు గారికి,

నమస్కారం. దొడ్లో నాలుగు వంగమొక్కలు, ఓ కాకర పాదు, గోడవార జామచెట్టు ఉన్న ఏ ఇంటివారికైనా ఏదో ఒకనాడు వల కొనాలనిపిస్తుంది. కాయ కోయబోతే పుచ్చు, పండు కోయబోతే చిలక కొట్టిన బొక్క. వెంటనే కొట్టుకెళ్లి ‘గ్రీన్ నెట్ ఇవ్వండి’ అంటారు. చుట్టలోంచి కొలిచి, కోసి ఇస్తారు. రెండు నెలలు తిరిగేసరికి పురుగూ పోదు, పూతా నిలవదు. ‘వల వేసినా లాభం లేదు’ అన్న మాట మాత్రం ఊరంతా పాకుతుంది. తప్పు వలది కాదు. గ్రీన్ నెట్ అని అడగడంతోనే తప్పు మొదలవుతోంది. ఆ సంగతి మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

వలకు రంగు కన్నా కన్ను, అంటే దారాల నడుమ రంధ్రం, ముఖ్యం. కొట్లో ఒకే పేరుతో అమ్మేవాటిలో నిజానికి మూడు వేర్వేరు సరుకులున్నాయి. ఎండ తగ్గించే నీడ వల ఒకటి. పురుగును ఆపే సన్నకన్ను వల ఒకటి. పిట్టల్నీ గబ్బిలాల్నీ ఆపే వల మరొకటి. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

నీడ వల సంగతి ముందు చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. అది 35, 50, 75, 90 శాతాల్లో దొరుకుతుంది. ఆ అంకె ఆపే ఎండకు గుర్తు. కడియం, కడియపులంక నర్సరీల్లో నీడ కోరే ఆకుమొక్కల మీద ముదురు నీడ వలలు కనిపిస్తాయి. అవి చూసి అలాంటిదే తెచ్చి వంగ మీదా, బెండ మీదా వేస్తున్నారు. అక్కడ అమ్మేది ఆకు, ఇక్కడ మనకు కావలసింది కాయ. 75 శాతం నీడలో వంగ ఆకు వెడల్పవుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, మొక్క ఏపుగా లేచి పూత రాల్చేస్తుంది. కాయకూరలకు 35 శాతం దాటకూడదు, అదీ ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె ఎండ తగ్గేదాకానే. ఆకుకూరలకూ, నారుమడికీ 50 శాతం పెట్టుకోవచ్చు. ఇక కొబ్బరిచెట్ల కింద దొడ్డి ఉన్నవారికి నీడ వల అసలు అక్కర్లేదు. మట్టలు ఆపగా మిగిలిన ఎండే మొక్కకు చాలదు, దాన్నీ ఆపేస్తే ఇంక కాయ ఎక్కడిది? పైగా చెట్టు మొవ్వు కింద ఏ వల కట్టినా, రాలిన మట్ట ఒక్కటి చాలు దాన్ని చీల్చడానికి.

పురుగును ఆపే వలను మెష్‌తో కొలుస్తారు. అంగుళం పొడవులో ఎన్ని కళ్లుంటే అన్ని మెష్. 40 మెష్ అంటే అంగుళానికి 40 కళ్లు, కన్ను సుమారు 0.4 మిల్లీమీటరు. తెల్లదోమ ఒంటి వెడల్పు దాదాపు పావు మిల్లీమీటరు. లెక్క ప్రకారం ఆ కంట్లోంచి అది దూరగలదు. రెక్కలతో దూరడం కష్టం కాబట్టి చాలావరకు ఆగుతుంది, పూర్తిగా ఆగదు. గట్టిగా ఆపాలంటే 50 మెష్ కావాలి. తామర పురుగు ఇంకా సన్నం, దానికి 50 మెష్ కూడా అడ్డు కాదు. మిరపకు వల కట్టి తామర పురుగు బెడద తీరిందనుకుంటే పొరపాటే.

అలాగని అన్నింటికీ 50 మెష్ కొనేయడం ఇంకో తప్పు. మన గోదావరి డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ. కన్ను సన్నబడేకొద్దీ గాలి ఆడదు. లోపల ఆకు మీద మంచు పొద్దెక్కినా ఆరదు, బూజు తెగులు పడుతుంది, నారుకుళ్లు వస్తుంది. రాయలసీమ పొడి గాలికి కుదిరిన వల కోనసీమ వానాకాలానికి కుదరదు. అందుకే మేము చెప్పేది ఇది. నారుమడికి 40 లేదా 50 మెష్ వాడండి. టమాటా, మిరప, వంగ నార్లకు నాటే వరకు ఉన్న ఆ 25, 30 రోజులే వైరస్ అంటుకోకుండా కాపాడుకోవలసిన రోజులు. బొప్పాయి నారుకైతే నెలన్నర నుంచి రెండు నెలల దాకా వల తీయవద్దు. పేనుబంక తెచ్చే మచ్చల వైరస్ చిన్న మొక్కకు సోకితే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. నాటిన తర్వాత వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగునూ, తీగకూరల్లో పండు ఈగనూ ఆపడానికి 16 నుంచి 20 మెష్ చాలు. ఆ రెక్కల పురుగూ, ఆ ఈగా ఒక మిల్లీమీటరు కంట్లోంచి దూరలేవు, గాలి మాత్రం హాయిగా ఆడుతుంది.

కొట్లో ‘ఇది నలభయ్యే’ అంటే నమ్మి వచ్చేయకండి. ఒక స్కేలు వెంట తీసుకెళ్లి వల మీద ఆనించి, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి, అంగుళంలో కళ్లు లెక్కపెట్టండి. నిలువూ లెక్కపెట్టాలి, అడ్డమూ లెక్కపెట్టాలి. ఒకవైపు 40, రెండోవైపు 25 ఉన్న వలలు కూడా 40 పేరుతోనే చేతికొస్తాయి. ఎండ తట్టుకునే యూవీ రక్షణ ఉందో లేదో అడిగి బిల్లు మీద రాయించుకోండి. అది లేని వల ఏడాది తిరక్కుండా చేతిలో పొడిపొడి అవుతుంది. ఉన్నది జాగ్రత్తగా వాడితే మూడేళ్లకు తక్కువ కాకుండా వస్తుంది. నీడ వలలకు ఐఎస్ 16008 అనే భారతీయ ప్రమాణం ఉంది, దాని గురించి కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే అమ్మేవాళ్లు తెచ్చిపెడతారు.

ఇక కట్టడం. 18 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్న వంగ మడికి లెక్క చెబుతాం. మూడు మీటర్ల పన్నా ఉన్న వల తీసుకుంటే కొలత వృథా కాదు. రాటలు పన్నెండు కావాలి. రెండు పక్కలా ఆరేసి అడుగులకొకటి చొప్పున నాలుగేసి, నడుమ వరుసలో నాలుగు. మన వైపు సరుగుడు రాటలు సులువుగా దొరుకుతాయి, వెదురూ పనికొస్తుంది. పక్క రాటలు నేల మీద 7 అడుగులు, నడుమవి 8 అడుగులు ఉండాలి. ఆ ఒక్క అడుగు వాలు లేకపోతే రాలిన ఆకులు పైన పేరుకుని, వాన పడ్డప్పుడు వల కడవలా దిగుతుంది. నల్లరేగడిలో రాట రెండడుగులు దిగితే చాలు. లంక ఇసుకలో మూడడుగులు దించాలి, మూల రాటలకు బయటి వైపు ఏటవాలుగా తీగ లాగి మేకుకు బిగించాలి. రాటల తలలు కలుపుతూ 12 గేజి జి.ఐ. (జింకు పూత ఉన్న ఇనప) తీగ లాగండి. రాట తల మొన వల చింపకుండా ఒక్కో తల మీద కొబ్బరిచిప్ప బోర్లించి కట్టండి. నున్నగా ఉంటుంది, వల జారుతుందే గానీ చినగదు. తీగ మీద వల ఒరుసుకునే చోట పాత డ్రిప్ పైపు నిలువునా చీల్చి తొడిగితే సరిపోతుంది.

వల ముక్కలు కోసేటప్పుడు ఇలా లెక్క వేయండి. ఒక పక్క నేల నుంచి కప్పు మీదుగా రెండో పక్క నేల దాకా 7, వాలుతో కలిపి 9 అడుగుల 3 అంగుళాలు, మళ్లీ 7. రెండు అంచులా పాతిపెట్టడానికి అడుగు చొప్పున కలిపితే 25 అడుగుల 3 అంగుళాలు. ఒక్కోటి 25న్నర అడుగుల చొప్పున రెండు ముక్కలు కోసి, అరడుగు ఒకదాని మీదొకటి వచ్చేలా కలిపి కుడితే పొడవంతా కప్పుతుంది. రెండు కొసలకూ 9 అడుగుల ముక్క ఒక్కొక్కటి, తలుపు వైపు అదనంగా ఇంకో ముక్క. మొత్తం 78 అడుగులు, అంటే 24 మీటర్లకు ఓ చిటికెడు తక్కువ. 25 మీటర్లు కొనండి.

కుట్టేటప్పుడు అంచును రెండు మడతలు పెట్టి నైలాన్ దారంతో కుట్టాలి. 20 మెష్‌కు దబ్బనం వాడొచ్చు. 50 మెష్‌కు మాత్రం దబ్బనం పెట్టవద్దు, అది చేసిన రంధ్రమే తెల్లదోమకు రాచబాట. దాన్ని టైలరు చేత మిషను మీద సన్న సూదితో కుట్టించాలి. కింది అంచుకు అరడుగు లోతు కాలవ తీసి, వలను అందులో దించి, బయటి వైపుకు మడిచి మట్టి కప్పి తొక్కండి. అంచు మీద నాలుగు ఇటుకలు పెట్టి వదిలేస్తే గాలికి లేస్తుంది. పందికొక్కులున్న దొడ్డయితే కింది అడుగున్నర ఎత్తుకు అర అంగుళం కన్నున్న ఇనప జాలీ చుట్టాలి. నైలాను, ప్లాస్టిక్ వలల్ని పందికొక్కు ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. తలుపుకు రెండు వల తెరలు రెండడుగులు ఒకదాని మీదొకటి పడేలా వేలాడదీసి, కింది అంచుల్లో వెదురు బద్ద దూర్చితే బరువుకు వాటంతటవే మూసుకుంటాయి. వంగ కాయతొలుచు పురుగు తల్లి రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి కోతలూ, కలుపులూ పొద్దెక్కాక పెట్టుకోండి.

ఇంత చక్కగా కట్టినా లోపల పురుగు కనబడుతోందంటే రెండే దారులున్నాయి. ఒకటి, అది ముందే లోపల ఉంది. పండు ఈగ పిల్లపురుగు కాయలోంచి నేలలోకి దిగి, ఈగగా మారే ముందు కదలకుండా ఉండే కోశస్థ దశలో ఉంటుంది. లద్దెపురుగూ అంతే. నిన్నటిదాకా కాకర వేసిన మడి మీద ఈరోజు వల కట్టి మళ్లీ తీగకూరే వేస్తే ఈగల్ని లోపల పెట్టి తాళం వేసినట్టే. ముందు మట్టి తిరగేసి రెండు వారాలు ఎండనివ్వాలి, పైరు మార్చాలి. నాటే నారుకు వాడిన చివళ్లు, మెలిపడిన ఆకులు ఉంటే పక్కన పడేయాలి. రెండో దారి, వలకు ఆకు తగలడం. ఆకు వలకు ఆని ఉంటే తల్లిపురుగు బయట కూర్చుని, వల కంట్లోంచి ఆకు మీద గుడ్డు పెట్టేస్తుంది. వలకీ మొక్కకీ నడుమ అడుగు ఖాళీ ఉంచమనేది ఇందుకే.

వల కింద ఆకు రసం పీల్చే పేనుబంక, నల్లి పడితే బయటికన్నా జోరుగా పెరుగుతాయి. వాటిని తినే అక్షింతల పురుగుల జాతి మిత్రపురుగులు లోపలికి రాలేవు, వాన ధాటి తగలదు. వారానికోసారి ఆకు తిరగేసి చూడాలి. కనబడితే మొదట నీళ్లతో ఆకు అడుగున గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. లోపల పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీస్తే, ఏం దూరిందో అదే చెబుతుంది.

తీగకూరలకు వల కట్టినవారు ఎక్కువగా మోసపోయేది పిందె దగ్గర. ఆనప, బీర, పొట్ల, కాకర, దోస, గుమ్మడి పూలకు తేనెటీగో, మరో పురుగో రావాలి. వల దాన్నీ ఆపేస్తుంది. ఆడపువ్వు కింద బుల్లి పిందె రెండు రోజులు పచ్చగా ఉండి, పసుపెక్కి రాలిపోతుంది. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవారున్నారు. అది తెగులు కాదు, పుప్పొడి అందలేదంతే. చేత్తో అందించవచ్చు. సన్న కాడ మీద పూసేది మగపువ్వు. దాన్ని తుంచి, రేకలు తీసేసి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి మెల్లగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. వేళ తప్పకూడదు. కాకర, దోస, గుమ్మడి ఉదయం పూస్తాయి. బీర, ఆనప, పొట్ల సాయంత్రం పొద్దు వాలాక విచ్చుకుంటాయి. వాటి కోసం చీకటి వేళ తలుపు తెరవక తప్పదు, తెరిచిన వెంటనే మూయండి. దొండకు ఈ బాధ లేదు. మన పందిళ్ల మీది దొండ తీగ ముక్కలతో పెంచినదే, పుప్పొడి అందకపోయినా కాయ దిగుతుంది. బెండ తనంతట తానే కాస్తుంది. వంగకూ టమాటాకూ పుప్పొడి ఆ పువ్వులోదే చాలు, కాకపోతే కాస్త కదలిక కావాలి. ఉదయం పూట కొమ్మల్ని మెల్లగా కదిపితే కాయ బాగా నిలుస్తుంది.

ఇంటి అవసరానికి రెండు మూడు పాదులే ఉన్నప్పుడు పందిరంతా వల కట్టమని మేము చెప్పం. పువ్వు ఫలించిన మర్నాడే పిందెకు 20 మెష్ ముక్కతో కుట్టిన పొడుగాటి సంచి తొడిగి, కాడ దగ్గర వదులుగా ముడివేయండి. పండు ఈగ లేత కాయలోనే గుడ్డు పెడుతుంది, ఆలస్యమైతే సంచి దండగ. కాయ పెరిగేంత చోటు లోపల ఉండాలి. ఖర్చు తక్కువ, తేనెటీగకు అడ్డు లేదు.

జామకూ ఇదే పద్ధతి మేలు. కాయ నిమ్మకాయంత అయ్యాక, అడుగున ఎండిన పూరేకలు దులిపి సంచి తొడగాలి. మామిడికైతే కోడిగుడ్డంత కాయకు కాగితపు సంచి. చెట్టు మొత్తం కప్పాలనుకుంటే కొమ్మల మీద నేరుగా వల పరచవద్దు. చిగుళ్లు కళ్లలోంచి పెరిగిపోతాయి, తీసేటప్పుడు వలతోపాటు కొమ్మలూ విరుగుతాయి. చెట్టును ఏడెనిమిది అడుగులకు కత్తిరించి, చుట్టూ రాటలు పాతి, వాటి మీద వల బిగించాలి. అరటి గెలకు వల కన్నా తొడుగు మంచిది. ఆఖరి హస్తం విచ్చుకుని, అరటిపువ్వు కోసేశాక, పలుచని నేయని పాలీప్రొపిలీన్ సంచి తొడిగి కింద తెరిచి ఉంచాలి. ఎండుటాకు చుట్టే పాత అలవాటు కూడా ఎండ నుంచి గెలను బాగానే కాస్తుంది. గబ్బిలం కొరికిన పండు మాత్రం, ఎంత చిన్న గాటు అయినా, తినకండి. పిల్లలకు అసలు ఇవ్వకండి.

ఇప్పుడు మమ్మల్ని అన్నిటికన్నా కలచివేసే సంగతి. భీమవరం, ఉండి వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గర పాడైన వలలు, తీరం ఊళ్లలో పాత చేపల వలలు చవగ్గా దొరుకుతాయి. సన్న ప్లాస్టిక్ తీగతో అల్లిన ఆ వలల్ని తెచ్చి జామచెట్ల మీద పారేస్తున్నారు. ఆ తీగ కంటికి కనబడదు. చిలక, గోరింక, గబ్బిలం వచ్చి చిక్కుకుంటాయి. విడిపించుకోవాలని కొట్టుకునేకొద్దీ తీగ మాంసంలోకి దిగుతుంది. నేల మీద కుప్పగా పడిన అంచులో జెర్రిపోతులూ, తాచులూ ఇరుక్కుని ఎండకు మాడి చస్తాయి. పాము పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి, ఒకసారి తల దూర్చిన కంట్లోంచి అది వెనక్కి రాలేదు. ఎలుకల్ని తినే జెర్రిపోతును చంపుకుని మళ్లీ ఎలుకల మందు కొనుక్కుంటున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలుకకు రక్షణ ఇచ్చింది. దాన్ని పట్టడం, చంపడం నేరం.

పిట్టల వలకు పరీక్ష సులువు. కంట్లో చిటికెన వేలు దూరితే ఆ వల వద్దు. కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదు, దారం కాస్త మందంగా, రంగు తెల్లగా ఉండాలి, రాత్రిపూట కూడా ప్రాణులకు కనబడుతుంది. వదులుగా వేలాడకూడదు, డప్పు చర్మంలా బిగువుగా ఉండాలి. నేలకు తగిలే అంచు పూర్తిగా పాతిపెట్టాలి, లేదా నేలకు అడుగున్నర ఎత్తున ఆపేయాలి. కాయలు కోయడం అయిపోగానే వల తీసేయాలి. ఏ జీవి చిక్కినా లాగవద్దు, కత్తెరతో దారాలు కోయాలి. విషప్పామైతే దగ్గరకు పోకుండా పాములు పట్టేవారిని పిలవండి. కోతుల్ని మాత్రం ఏ వలా ఆపదు. చింపుకుని లోపలికొస్తాయి. వాటి కోసం కంచెకు కరెంటు పెట్టే పని ఎవరూ చేయవద్దు, దానికి మనుషులే బలైపోతున్నారు.

గోదావరి వరదకూ, తుపానుకూ వల సిద్ధంగా ఉండాలి. లంకల్లో సాగు చేసేవారు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేలోపే పక్క వలలు పైకి చుట్టి కట్టాలి. వరద తెచ్చే గుర్రపుడెక్క, చెత్త వలకు అడ్డం పడితే రాటలతో సహా పెకలించుకుపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వినగానే కప్పు వల దించేయాలి. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమకు గాలి బలం వేరే చెప్పక్కర్లేదు. సన్నకన్ను వలకు గాలి తగిలితే తెరచాపే. అది లేచి కరెంటు తీగల మీద పడితే ఊరంతటికీ ముప్పు. అందుకే కప్పును తీగకు ఇనప కట్లతో కాకుండా, ఒక్క లాగుకు విడిపోయే జారుముడులతో కట్టండి. ఇద్దరు మనుషులు పావుగంటలో వెదురుకు చుట్టేయొచ్చు. గాలి మొదలయ్యాక నిచ్చెనెక్కవద్దు.

మూడు మనవులు. ఉద్యాన శాఖ, రైతు సేవా కేంద్రాలు వల గురించి చెప్పేటప్పుడు శాతం, మెష్, మిల్లీమీటర్లలోనే చెప్పాలి. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం మన డెల్టా చెమ్మకు ఏ పంటకు ఏ కన్ను సరిపోతుందో ఒక్క పేజీలో తెలుగులో వేసి కొట్లలో అతికించేలా చూడాలి. మూడోది మిమ్మల్ని అడుగుతున్నాం. మీ వ్యవసాయ పేజీ అంచున సరిగ్గా ఒక అంగుళం పొడవు గీత అచ్చు వేయించండి. దాని కింద నారుమడికి 40 నుంచి 50, వంగకూ తీగకూరలకూ 16 నుంచి 20 అని రాయించండి. కొట్లో ఆ కాగితం మీద వల పరిచి కళ్లు లెక్కపెట్టుకుంటారు.

ఇట్లు,
కూరగాయల, పండ్లతోటల సాగుదారులు,
కొత్తపేట, రావులపాలెం పరిసర గ్రామాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.